వానలో నడిచిన మోటారు

నేను ఒక కడ్డీని. జానెడు పొడవు, రెండు ఇనుప కాళ్లు, నెత్తిన అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా. నన్ను మట్టిలో గుచ్చితే అందులో తడి ఎంతుందో ఫోనుకు చెప్తాను. నాకు వచ్చిన పని అదొక్కటే. నన్ను తయారుచేసిన చోట ఒక అమ్మాయి నన్ను ముందు నీళ్ల గ్లాసులో ముంచింది, తర్వాత పొడి ఇసుక గ్లాసులో గుచ్చింది. రెంటికీ తేడా చెప్పాను. వెంటనే అట్టపెట్టెలో పెట్టి, పైన 'తెలివైన పరికరం' అని కాగితం అంటించింది. నీళ్లను నీళ్లని గుర్తుపట్టినందుకే ఇంత బిరుదు ఇచ్చారంటే మనుషులు చాలా మంచివాళ్లని అనుకున్నాను.

ఆర్మూరులో పురుగుమందుల దుకాణాయన కొన్నాళ్లు నన్ను తన బల్లమీది పూలకుండీలో గుచ్చి, వచ్చినవాళ్లకు చూపించాడు. కుండీ ఆయన మోచేతికి తగులుతూనే ఉండేది. అయినా రోజూ పొద్దున ఫోను తీసి, మొక్కకు దాహమేస్తోందో లేదో నన్ను అడిగి తెలుసుకునేవాడు.

అక్కడ నన్ను కొన్నది లింబాద్రి. మూడెకరాల పసుపు రైతు. పసుపు తొమ్మిది నెలల పంట. నీళ్లు తక్కువైతే ఎండుతుంది, ఎక్కువైతే దుంప కుళ్లుతుంది. పోయిందంటే ఆ ఏడాదికి మళ్లీ వేసుకునే వీలు లేదు. నేల తడి సంగతి లింబాద్రికి తెలిసినట్టు ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పులు విడిచి సాళ్లలో నాలుగడుగులు నడిచి, 'ఇంక రెండొద్దులు ఆగొచ్చు' అంటే ఆగొచ్చు. పక్క చేలవాళ్లు కూడా అతన్ని పిలుచుకుపోయి తమ చేలల్లో నడిపించేవాళ్లు.

లింబాద్రి నన్ను నేరుగా చేనుకు తెచ్చాడు. అతని భార్య సాయవ్వ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేం జేస్తది?"

"తడి జెప్తది."

"ఇన్నొద్దులు నువ్వు జెప్తలేవా?"

"నేను నోటితోని జెప్తా. గిది లెక్కతోని జెప్తది."

"నువ్వు నోటితోని జెప్పంగ ఏనాడన్న పంట ఎండిందా?"

లింబాద్రి నన్ను చేను నడుమ గుచ్చి ఫోనులోకి చూశాడు. వందకు నలభై రెండు అని వచ్చింది. అతను నలభై రెండు అని పైకి చదివి, దేవుడు పలికినట్టు మురిసిపోయాడు.

మొదటి ఏడు నేను బాగానే చెప్పాను. అదే చిక్కయింది. లింబాద్రి చేనుకు రావడం తగ్గించాడు. నేను ఎండిందంటే ఇంట్లో మంచమ్మీంచే ఫోను నొక్కి మోటారు వేసేవాడు, చాలంటే ఆపేవాడు. ఒకసారి పక్కచేను ఎర్రన్న తాత గట్టు మీద అతన్ని ఆపి, "ఓరి లింబాద్రి, నా చేన్ల నీళ్లు వెట్టాల్నా, ఆగాల్నా?" అని అడిగాడు.

"నీ చేన్ల కడ్డీ లేకపాయె గదా తాతా. నేనెట్ల జెప్పాలె?"

తాత అతని మొహంకేసి చూశాడు, తర్వాత అతని కాళ్లకేసి చూశాడు. తన చేనుకేసి నడిచాడు.

రెండో ఏడు కలుపు తీయడానికి కూలీలు వచ్చారు. వాళ్లలో భూదవ్వ జాగ్రత్త గల మనిషి. "అయ్యో, కొడవలి తగిలి గిది ఇరిగితే లింబాద్రి అన్నం తినడు" అని నన్ను మెల్లగా పీకి, మోటారు కొట్టంలో మిగిలిపోయిన ఇసుక కుప్పలో గుచ్చింది. సాయంత్రం మరిచిపోయి ఇంటికి పోయింది.

ఇసుకలో తడి ఎక్కడిది? ఎండిపోయిందని ఫోనుకు కబురు పంపాను. మోటారు నడిచింది. నాకింద ఇసుక మాత్రం అలాగే ఉంది. మళ్లీ పంపాను. మళ్లీ నడిచింది. ఈలోగా వాన పట్టింది. మూడు రోజులు తెరపి లేదు. కొట్టం కప్పుకింద నేను పొడిగా కూర్చుని, పొడిగానే కబుర్లు పంపుతున్నాను. బయట ఆకాశం నుంచి నీళ్లు, బోరు నుంచి నీళ్లు.

మూడో రోజు లింబాద్రి గొడుగు వేసుకుని వచ్చాడు. చేలో మోకాలికి జానెడు కింద దాకా నీళ్లు. ఆ నీళ్లలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఎర్రన్న తాత గట్టు మీంచి కేక వేశాడు.

"మొగులుకు చిల్లు వడ్డట్టు వాన గొడ్తుంటే మోటర్ ఏందిరా?"

"ఇది పై తడి తాతా. లోపట ఏర్లకాడ ఎండిందట."

"ఎవడన్నడు?"

"వందకు నాలుగే ఉంది. సూడు, ఫోన్ల."

మనిషి తెలివి పోయిందని నేను అనను. లింబాద్రి తెలివి ఎక్కడికీ పోలేదు, నా తరఫున వకీలుగా చేరింది. నాకు తోచని కారణాలన్నీ అదే వెతికి పెట్టింది. నేను చెప్పింది ఇసుక ముచ్చట. వేర్ల సంగతి నేనెప్పుడూ అనలేదు.

వారానికి ఆకులు పాలిపోయి పసుపురంగుకు తిరిగాయి. లింబాద్రి వాటిని ఫొటో తీసి ఫోనునే అడిగాడు. నీళ్లు చాలకపోయి ఉండవచ్చని ఫోను చెప్పింది. అతను మోటారు వేయడానికి నొక్కబోతుంటే, చేలో ఉన్న సాయవ్వ ఒక మొక్కను పట్టుకుని లాగింది. బలమే పెట్టనక్కర్లేకుండా ఊడి చేతికొచ్చింది. మొదలు మెత్తగా కుళ్లి, వాసన కొడుతోంది. ఆమె పార కోసం కొట్టంలోకి వచ్చింది. ఇసుకలో నన్ను చూసింది.

"ఇగో, ఇటు రా! నీ లెక్కల పంతులు ఈడ ఇసుకల కూసున్నడు."

లింబాద్రి వచ్చి చూశాడు. తర్వాత చేలోకి పరుగెత్తి పిడికెడు మన్ను తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి బురద జారింది. మళ్లీ ఇంకోచోట తీశాడు. పక్క సాలులో తీశాడు. అతని మొహంలో అప్పుడు కనిపించిన భయం నేను ముందెప్పుడూ చూడలేదు.

"సాయవ్వా... ఏ సాలు దాకా పాడైందో, ఏ సాలు కాడ ఆగిందో నాకు ఎర్కయితలేదు. ఇంతకుముందు తెలుస్తుండె."

పార పట్టిన సాయవ్వ చేయి ఆగిపోయింది. చేను పోవడం ఆమెకు ముందే అర్థమైంది. ఇది మాత్రం ఇప్పుడే తెలిసింది.

"తెలుస్తది. ముందుగాల కాలువ తియ్యి" అంది.

ఆ రోజంతా ఇద్దరూ కాలువలు తీశారు. ఎర్రన్న తాత పిలవకుండానే వచ్చి, ఏ మొక్కలు పీకెయ్యాలో కాలి బొటనవేలితో చూపిస్తూ నడిచాడు. కింది ఎకరన్నర పోయింది. పై ఎకరన్నర నిలిచింది.

లింబాద్రి నన్ను చెత్తలో విసరబోతే సాయవ్వ ఆపింది. "దాని తప్పేముంది? ఇసుకల వెడితే ఇసుక ముచ్చట జెప్పింది." తెచ్చి మళ్లీ చేలో గుచ్చింది.

ఇప్పుడు రోజూ తెల్లారగానే లింబాద్రి నా పక్కన గొంతుక్కూర్చుంటాడు. మట్టి పిండి ముందు తానే ఒక అంకె చెప్తాడు. తర్వాతే ఫోను తెరుస్తాడు. మొదటి రోజు అతను యాభై అన్నాడు, నాది డెబ్బై. గట్టు మీంచి సాయవ్వ పకపకా నవ్వింది. ఇంకో రోజు అరవై అన్నాడు, నాది నలభై ఎనిమిది. "ఇస్కూల్ల గూడ గిట్లనే తప్పినవా?" అందామె. అతను సిగ్గుపడ్డాడు కానీ, మానలేదు.

ఇవాళ యాభై అయిదు అన్నాడు. నేను ముప్పై తొమ్మిది చెప్పాను. అతను ఫోను చూశాడు. మళ్లీ మన్ను తీసి పిండాడు, నాలుగడుగులు అవతలికి పోయి అక్కడా పిండాడు.

"కడ్డీదే తప్పు" అని ఫోను జేబులో వేసుకుని, మోటారు వేయకుండా ఇంటికి పోయాడు.

నేను నా కాళ్లకింద చూసుకున్నాను. ఎడమ కాలి పక్కన చీమలు తవ్విన చిన్న బొక్క ఉంది. మన్ను విడిపోయి, అక్కడ కాలికి గాలి తగులుతోంది. అతను చెప్పిందే నిజం. ఆ సంగతి ఫోనుకు పంపుదామని చూశాను. నా దగ్గర సున్నా నుంచి వంద దాకా అంకెలే ఉన్నాయి. 'నేను తప్పు చెప్పాను' అనడానికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.