మామగారు నిలబడే చోటు

తెల్లవారగానే అత్తగారు చేసే మొదటి పని మామగారి తడి అడుగులు తుడవడం.

పెరటి గుమ్మం దగ్గర మొదలయ్యేవి ఆ అడుగులు. వంటింటి పక్కనుంచి నడవలోకి, నడవలోంచి ముందు గదిలో కొడుకు మంచం దాకా వచ్చి, అక్కడ కాసేపు ఆగినట్టు కాస్త చిత్తడి చేసి, వీధి గుమ్మం దాటి ఎదురుగా ఉన్న చేలోకి వెళ్ళిపోయేవి. పెరట్లో బావిని లోతు చేస్తుంటే గోడ కూలి మీద పడి ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ బావి ఎండిపోయి కూడా చాలా ఏళ్ళే అయింది. బావి ఎండినా ఆయన కాళ్ళు మాత్రం ఆరలేదు.

"బతికున్నప్పుడూ అంతే. కాళ్ళు తుడుచుకుని లోపలికి రావయ్యా అంటే ఒక్కనాడు విన్న పాపాన పోలేదు" అని సణుగుతూ అత్తగారు గుడ్డ పిండి దండెం మీద ఆరేసేది. ఆ గుడ్డను ఇంకో పనికి ముట్టుకోనిచ్చేది కాదు.

ఇంటి ముందున్న ఆ చిన్న చేనే వాళ్ళ ముగ్గురికీ ఆధారం. చేను నడిమధ్య ఒకచోట మామగారు పొద్దెక్కేదాకా నిలబడేవాడు. కనపడేవాడు కాదు. అక్కడ మట్టి మాత్రం నల్లగా, మెత్తగా ఉండేది. దున్నేవాళ్ళు ఆ చోటు చుట్టూ తిరిగి దున్నేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు కాస్త పక్కగా కూర్చునేవాళ్ళు. ఇంట్లోకి కొత్తదేది వచ్చినా ముందు ఆయనకి చూపించాల్సిందే. కొత్త పార అయినా, కొత్త విత్తనమైనా ఆ చోట మట్టిని తాకాకే పనిలోకి దిగేది. పెళ్ళయిన మర్నాడు కోడల్ని కూడా తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టారు. పట్టుచీర అంచు బురదైందని ఆ పిల్ల ఆ రోజంతా ముఖం ముడుచుకునే ఉంది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. తెలియకపోయినా పూర్వం వానకి కాస్త సిగ్గూ శరం ఉండేవి, రావలసిన నెలలో వచ్చేది. ఇప్పుడు కోతల మీద కురిసి, నాట్ల మీద మొహం చాటేస్తోంది. వరసగా పంటలు పోయాయి. బోరు సన్నటి దారంలా పోస్తోంది. ఆ నీళ్ళు కాలవలో వదిలితే చేను సగానికి చేరకముందే మట్టి తాగేస్తోంది.

"బావి ఇంకాస్త లోతు చేస్తే నీళ్ళు పడతాయి. నాన్న నీళ్ళ అంచు దాకా వెళ్ళాడు. మిగిలింది నేను తవ్వుతా" అన్నాడు కొడుకు.

అత్తగారు లేచి వంటింట్లోకి పోయి, వెలిగించని పొయ్యి ముందు కూర్చుంది. కోడలు ఊరుకోలేదు. ఊరూరూ తిరిగి డ్రిప్పు పైపులు వేసే ఆయన్ని పిలుచుకొచ్చింది. నీళ్ళు చుక్క చుక్కగా మొక్క మొదట్లోనే పడతాయన్నాడాయన. నేలలో గుచ్చే సెన్సరు ఒకటి ఉంటుంది, తడి ఆరగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, ఫోన్లో మనిషి గొంతుతో చెబుతుంది కూడా అన్నాడు.

"ఈ ఒక్క పంటకి నా మాట విను. ఇదీ పోతే అప్పుడు నీ ఇష్టం" అంది కోడలు మొగుడితో.

"మాట తప్పకూడదు మరి."

"తప్పను."

అలా మొగుడి ప్రాణాన్ని ఒక పంట మీద పందెం కాసింది. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు.

"సెన్సరు ఎక్కడ గుచ్చమంటారు?" అని డ్రిప్పు ఆయన అడిగితే, ముగ్గురూ ఒక్కసారే ఒకే చోటు చూపించారు. కొత్త వస్తువు కదా, ముందు ఆయనకే. డ్రిప్పు ఆయన మారుమాట్లాడకుండా గుచ్చి, తేమ పోకుండా చుట్టూ మట్టి సర్ది వెళ్ళాడు. తీసి మళ్ళీ వేరే చోట గుచ్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

టమాటా నారు వేశారు. మొదట్లో మంచు పడ్డన్నాళ్ళు బాగానే ఉంది. ఎండలు ముదిరాక ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. కోడలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేది. "మీ నేలలో తేమ సరిపడా ఉంది. ఇప్పుడు నీరు అవసరం లేదు" అనేది అందులోని ఆడగొంతు, పెళ్ళిలో వడ్డించేవాళ్ళంత మర్యాదగా.

డ్రిప్పు ఆయన వచ్చి సెన్సరు దగ్గర మట్టి తవ్వి పిడికిట్లో నొక్కి చూపించాడు. నీళ్ళు కారాయి. "ఇంత తడి ఉంటే ఇంకేం కావాలమ్మా? ఎండకి వాలాయంతే. చేత్తో మోటారు వేశారంటే వేళ్ళు కుళ్ళిపోతాయి" అన్నాడు. గోడ గడియారం చప్పుడు ఆ ఇంట్లోవాళ్ళకి వినపడనట్టే, ఆ తడి ఎవరిదో వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. కోడలు పట్టుదలగా మోటారు ముట్టుకోలేదు. పూత రాలింది.

"ఇక నా వంతు. రేపు పొద్దున దిగుతున్నా" అన్నాడు కొడుకు.

మర్నాడు గుడ్డ పట్టుకుని వంగిన అత్తగారు వంగినట్టే ఉండిపోయింది. కోడలు వచ్చి చూసింది. నేలమీద అడుగులు రెండు జతలున్నాయి.

మామగారివి ఎప్పటిలాగే వెడల్పుగా ఉన్నాయి. వాటి పక్కనే ఇంకో జత, పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా వెళ్ళింది. ఆ జతలో ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడు గొడ్డలి జారి కొడుక్కి పోయిన వేలు అది. కొడుకేమో ఇంకా మంచం మీద నిద్రపోతున్నాడు, పాదాలు పొడిగా ఉన్నాయి.

అత్తగారు మొగుడి అడుగులు తుడిచింది. రెండో జతని ముట్టుకోలేదు.

కొడుకు లేచి వాటిని చూశాడు. "నావే" అన్నాడు. అని మొహం కడుక్కుని, నడుముకి తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, కళ్ళున్నాయా నీకు? నీ అడుగులేనయ్యా అవి!" అంది కోడలు.

"ఉన్నాయి. చేను ఎండిపోవడం కూడా వాటితోనే చూశా. ఇప్పుడు దిగకపోయినా ఒకటే."

దున్నపోతు మీద వాన కురిసినట్టయింది. తాడు పట్టుకోవడానికి పక్క చేను బావ పెరట్లోకి వచ్చేశాడు. కోడలు ఏం చెయ్యాలో తోచక, ఆ అడుగులు పట్టుకుని వీధి గుమ్మం దాటి చేలోకి పరిగెత్తింది. అరికాళ్ళ కింద నేల పెంకులా పగిలింది. మామగారి అడుగులు నడిమధ్యకి వెళ్ళి ఆగిపోయాయి. సెన్సరు చుట్టూ మట్టి తళతళలాడుతోంది, అప్పుడే ఎవరో పాదాలు కదిపినట్టు. మూరెడు అవతల మొక్కలు కట్టెలై ఉన్నాయి.

అప్పుడు వెలిగింది ఆమెకి. అక్కడికక్కడే చతికిలబడింది.

"మామయ్యా, ఈ తడి మీదా!" అంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీరిక్కడ నిలబడ్డారని చేనంతా ఎండబెట్టుకున్నాం మామయ్యా. అక్కడ మీ అబ్బాయి బావిలోకి దిగుతున్నాడు. జరగండి! మీ కాళ్ళు పట్టుకుంటా, జరగండి!"

నిజంగానే చేతులు బురదలో పెట్టింది. బురద చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆమె వేళ్ళ సందుల్లోంచి లేచిపోయింది. చూస్తుండగానే నల్లమట్టి తెల్లబడి, బీటవారింది. ఎండిన సాళ్ళ మీద తడి అడుగులు ఒకదానికొకటి చాలా దూరంగా, పరిగెత్తే మనిషివి పడినట్టు, ఇంటి పక్కనుంచి పెరటి వైపు వెళ్ళిపోయాయి.

ఒడిలో ఫోన్ పలికింది. "మీ నేలలో తేమ లేదు. మోటారు ఆన్ అవుతోంది."

పెరట్లో కొడుకు అప్పటికే బావి గట్టు దాటి, ఒక కాలు లోపలి మెట్టు మీద పెట్టాడు. పక్కనున్న బోరు మోటారు గుర్రుమంది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉన్న పైపు ఒక్కసారి ఉబ్బి, తొట్టి దగ్గర అతుకు ఊడి, నీళ్ళు చిమ్మాయి.

ప్రాణం మీద తీపి లేని రైతైనా ఉంటాడేమో గానీ, నీళ్ళు వృథాగా పోతుంటే చూస్తూ నిలబడే రైతు ఉండడు. "నీళ్ళు! నీళ్ళు!" అని కేకేసి కొడుకు గట్టు మీదకి ఎగిరి, రెండు చేతులతో అతుకు నొక్కి పట్టుకున్నాడు. బావ తాడు వదిలేసి పైపు మీద కూర్చున్నాడు. వాళ్ళ వెనక నేల గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. కొడుకు ఇందాక కాలు పెట్టిన మెట్టూ, దాని పైగోడా, గట్టూ నెమ్మదిగా బావిలోకి జారిపోయాయి. దుమ్ము లేచింది. ఇద్దరూ తిరిగి చూశారు గానీ చేతులు మాత్రం పైపు మీంచి తియ్యలేదు.

అతుకు బిగించాక కొడుకు పెళ్ళాన్ని వెతుక్కుంటూ ఇంట్లోంచే చేలోకి పరిగెత్తాడు, మోకాళ్ళ దాకా తడిసి, పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా. పొద్దున్న పడిన రెండో జత ఎక్కడెక్కడుందో సరిగ్గా అక్కడే పడ్డాయి అతని అడుగులు. అత్తగారు ఆ గుడ్డ తెచ్చి, కూర్చుని, ఈసారి ఆ జతని కూడా తుడిచింది. ఏడుస్తూనే తుడిచింది.

సెన్సరు వేరే సాళ్ళోకి మారింది. మిగిలిన మొక్కలు తేరుకుని మళ్ళీ పూశాయి. బావి పూడిపోయింది. మామగారి అడుగులు రావడం మానేశాయి. అత్తగారు మాత్రం రోజూ తెల్లవారగానే గుడ్డ తీసుకుని పెరటి గుమ్మం దగ్గర కూర్చునేది. పొడి నేలను చూసి, పొడి గుడ్డను మళ్ళీ దండెం మీద వేసేది. సణగడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

కాయలు రంగు తిరిగిన రోజున ఆమె గుడ్డ భుజాన వేసుకుని చేలోకి వచ్చింది.

"అమ్మాయ్, ఆ పుల్ల ఒక్కసారి పాత చోట గుచ్చవే."

కోడలు ఎందుకని అడగలేదు. సెన్సరు పీకి నడిమధ్యకి తీసుకెళ్ళింది. వాన లేదు, అక్కడికి డ్రిప్పు పైపు కూడా లేదు. మట్టి పైకి ఎండిపోయి ఉంది. కష్టపడి లోతుగా గుచ్చింది. ఇద్దరూ ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డారు. ఫోన్ చాలాసేపు మాట్లాడలేదు.

"మీ నేలలో తేమ సరిపడా ఉంది" అంది చివరికి. "ఇప్పుడు నీరు అవసరం లేదు."

అత్తగారు తలూపింది.

"సరేలే, పీకెయ్. నీ మొక్కలు ఎండుతాయి" అంది. కోడలు పీకిన పుల్లని చేతిలోకి తీసుకుని, దానికి అంటిన బురదని ఆ గుడ్డతో శుభ్రంగా తుడిచి ఇచ్చింది.