మిద్దె మీద చౌడు

బయమ్మ బండ మీద చింతపండు పెట్టి సుత్తెతో కొట్టింది. గింజ జారి ఒళ్లో పడింది. మడకశిర మండీ వెనక, రేకుల చావిడిలో పొద్దున్నించి ఇదే పని. పులుపుకు ఆమె వేళ్ల కొసలు పగిలాయి, గోళ్లు నల్లబడ్డాయి.

తమ ఇద్దరి పల్లెకూ పోయి తెల్లారి బస్సుకు తిరిగొచ్చిన చౌడమ్మ పక్కన కూర్చుంది. చింతపండు కొడుతూ అంది.

"అక్కా, మీ ఇంటికి బీగం తీసినట్టుండాది. నిన్న మాపున పొగ కనపడె."

"ఎవురు?"

"నేనాడికి పోలేదక్కా, బయమైంది. మిద్దె మీద ఎవురో మొగమనిషి తిరుగుతాండె."

ఆ బీగానికి తాళంచెవులు రెండే. ఒకటి బయమ్మ మొలతాడుకు ఉంది. రెండోది పట్టుకుపోయిన మనిషి బతికున్నాడో లేదో ఆమెకు తెలియదు. సుత్తె బొటనవేలి మీద పడింది.

డెబ్బై రెండో సంవత్సరం కరువులో ఆమె మొగుడు రంగన్న గొర్రెలను మేతకు తోలుకొని కన్నడ సీమకు వెళ్లాడు. అప్పుడే మూడేళ్ల కూతురికి జ్వరం తగిలింది. అతను తిరిగొచ్చేసరికి పిల్లను పూడ్చేశారు. "ఇంట్లో కూచోని నా బిడ్డను సంపితివి కదే" అన్నాడు. ఆ ఒక్క మాట అని, వచ్చిన దారినే పోయాడు. బయమ్మ ఇంటికి బీగం వేసి ఇక్కడికొచ్చి పడింది. అప్పటినుంచీ ఈ చావిడే.

మధ్యాహ్నం దాకా కూర్చోలేక, లేవలేక గడిపింది. చివరికి మేస్త్రితో కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కింది. రోడ్డు మీద దిగి నడిచింది. దున్నిన చేలలో ఎర్రమన్ను గాలికి లేచి కళ్లల్లో పడుతోంది. రెండుసార్లు ఆగింది. ఒకసారి వెనక్కి కూడా తిరిగింది.

ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల చిలక్కొయ్యకు ఒక సంచి వేలాడుతోంది. మిద్దె మీద తెల్లజుట్టు మనిషి ఒంగి చౌడు మన్ను పరుస్తున్నాడు. ఎడమ భుజం కాస్త పైకి లేచి ఉండే ఆ తీరు చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"ఎవురిని అడిగి ఎక్కినావు?"

రంగన్న ఉలిక్కిపడ్డాడు. "వానకు ముందర చౌడు పోయకుంటే మిద్దె కారుతాది. పోసేసి పోదామనుకొంటి. నీకు మొగం చూపేకి రాలేదు."

"ఇన్నేండ్లకు ఇల్లు గుర్తుకొచ్చెనా?"

అతను నిచ్చెన దిగి గోడకు ఆనుకున్నాడు. "పక్కూరి తిమ్మన్న, ఎద్దులబండి తోలేటోడు, బెంగుళూరులో కనపడినాడు. పాపను ఎత్తుకొని నువ్వు ఎండలో ఆసుపత్రికి నడిచిపోతాంటే బండెక్కించుకొన్యాడంట. దారిలోనే నీ ఒళ్లో... నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

అతను మన్ను చేతులకేసి చూసుకున్నాడు.

"కండ్లు మూసేముందర నాయన యాడ అని అడిగింది" అంది బయమ్మ. "గొర్రెలు తోలుకొని వస్తాండాడని చెప్పినా."

రంగన్న గడప మీద కూలబడి, మన్ను చేతులతో మొగం కప్పుకొని ఏడ్చాడు. "తప్పు మాటంటి బయమ్మా."

ఆమె ఆ మాట సుత్తె దెబ్బ దెబ్బకూ తనకు వినపడిందని చెప్పాలనుకుంది. చెప్పలేదు. చల్లారిన పొయ్యి వైపు చూసి అడిగింది.

"ఏమన్నా తిన్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"పిండి లేదు. అంగడికి పోయి తేపో."

అతను వెళ్లాడు. ఆమె పొయ్యి ఊడ్చి, పుల్లలు ఏరుకొచ్చింది. లోపలికెళ్లి చూస్తే చిలక్కొయ్య ఖాళీ. సంచి లేదు.

బయటికి పరుగెత్తింది. దారి పొడుగునా దుమ్ము తప్ప మనిషి లేడు. నిచ్చెనెక్కి చూసింది. బస్సు పోయే రోడ్డు వైపు ఎవరూ కనిపించలేదు. ఉండమని ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా? తడి ఆరని చౌడు మీద కూర్చుని తన్ను తానే తిట్టుకుంది. పొద్దు వాలుతుండగా రంగన్న వచ్చాడు, భుజాన సంచితో.

"సంచి ఏల తీసకపోతివి?" కిందికి చూసి అరిచింది.

"పిండి దేంట్లో తేవాల మే?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. దిగి, సంచి అందుకుంది.

"రేపు ఆ మూల కూడా చౌడు పోయాల" అంది. "ఇద్దరం పోద్దాం."

కొన్నాళ్లకు మేస్త్రి చావిడిలోకి వచ్చి, "బయమ్మ రాలేదా?" అన్నాడు.

"ఇంగ రాదన్నా. ఇంటికి పోయింది" అంది చౌడమ్మ.

ఆమె పక్కన బయమ్మ గోనెపట్ట అలాగే పరిచి ఉంది, కూర్చున్నచోట నార అరిగి గుంటపడి.