తాళంలో గంధం

1981 అక్టోబరు పదకొండు, ఆదివారం. ఆ పొద్దున నేను ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా అత్త భీమాబాయి మాత్రం కాస్త మజ్జిగతో సరిపెట్టుకుంది. ఆదోనిలో కంటి శిబిరానికి ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నంలోపు వచ్చినవాళ్ళకే ఆపరేషన్ అన్నారు. డాక్టరు సాయంత్రం రైలుకు వెళ్ళిపోతాడు. మళ్ళీ శిబిరం అంటే ఏడాది ఆగాలి. అప్పటికే ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏదీ ఆనడం లేదు. "ఎవురి చెయ్యీ పట్టుకోకుండా కొళాయి దాకా పోతే సాలు నాయనా" అనేది.

తన కూతురు, నా భార్య జయలక్ష్మి పోయాక కూడా అత్త ఎమ్మిగనూరులో నా దగ్గరే ఉండిపోయింది. అంతకు మించిన దయ నా మీద ఎవరూ చూపలేదు.

ఎదురింటి పత్తి వ్యాపారి జయరాం తన కారులో తీసుకుపోతానన్నాడు. ఆ ధైర్యంతో పొద్దుటి బస్సు వదిలేశాం. తీరా ఎక్కి కూర్చుంటే తాళంచెవి సగం దిగి ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుపోయింది. ఆయుధపూజ తర్వాత ఆ కారు కదలనే లేదు.

"నిమ్మకాయలు ఇంకా తొక్కియ్యలేదు సారూ, దానికే అలిగినట్లుంది" అన్నాడు జయరాం. నవ్వబోయి, అత్త ముఖం చూసి మానుకున్నాడు. "సుత్తి తెస్తా, తాళం పగలగొడదాం."

ముందు సీట్లో కూర్చున్న అత్త పక్కకు వంగింది. "జయరామూ, ఈడ గంధం వాసన వస్తాంది."

"పూజకు నువ్వే అరగదీసిస్తివి గదవ్వా."

"బొట్టు యాడ పెట్టినావు?"

జయరాం తల గోక్కున్నాడు. "బండికి పానం ఈడే గదా అని, తాళం మీద కొంచెం బాగానే పెట్టినా."

"దేవునికి పూయమని ఇస్తే కారు నోట్లో కుక్కినావు గదప్పా!"

తాళంచెవిని పెట్రోలులో ముంచి, దోపి, తీసి, గుడ్డతో తుడిచాను. తుడిచినప్పుడల్లా గుడ్డకు పసుపుపచ్చని పొడి అంటింది. జయరాం సైకిలు పంపు తెచ్చి తాళంలోకి గాలి కొట్టాడు. చివరికి తాళంచెవి పూర్తిగా దిగింది. కానీ తిరగలేదు. కారు ముందు చక్రం మురుగుకాలువ రాయికి ఒరిగి ఉంది, ఆ ఒత్తిడంతా తాళం మీద పడుతోంది. జయరాం స్టీరింగు పట్టుకుని ముఖం ఎర్రబడేదాకా లాగాడు.

"బలం పెట్టద్దు" అన్నాను. ఆ మాట నాది కాదు. వానాకాలంలో మా వీధి తలుపు ఉబ్బి గడియ పడనప్పుడల్లా జయలక్ష్మి నాతో అన్న మాట. తలుపును భుజంతో రవ్వంత నెట్టి, గడియ మీది బరువు తీసేసి, వేలితో జరిపేది.

జయరాం స్థానంలో నేను కూర్చున్నాను. రెండు వేళ్ళతో తాళంచెవిని మెత్తగా తిప్పి పట్టుకుని, మరో చేత్తో స్టీరింగును అటూ ఇటూ ఊపాను. ఎక్కడో ఒకచోట బరువు మాయమైంది. తాళంచెవి దానంతటదే తిరిగినట్టు తిరిగింది. స్టీరింగు వదిలింది. ఇంజను మోగింది. పోయిన మనిషి చెయ్యి నా చేతి మీద ఉన్నట్టే అనిపించింది.

"మా జయ మాదిరే సేసినావు" అంది అత్త. ఏం చూసి అన్నదో, చూపు లేని మనిషి!

నేను వెనక సీట్లోకి మారాను, జయరాం బండి కదిపాడు, చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. ఆదోని దాకా కారు ఎక్కడా ఆపలేదు. శిబిరంలో పేర్లు రాసుకోవడం ఇంకా ముగియలేదు.

కార్తీకంలో అత్తకు మందపాటి అద్దాలు వచ్చాయి. పెట్టుకుని ముందు నన్నే చూసింది. "ఏం నాయనా, ఇంత చిక్కిపోయినావు!"

ఆ సాయంత్రం ఆమె బిందె తీసుకుని ఒక్కతే కొళాయికి బయలుదేరింది. నేను లేవబోయి కూర్చుండిపోయాను. నీళ్ళు పడుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపించింది. అంత మంచి చప్పుడు నేను అంతకుముందు వినలేదు.

చీకటి పడ్డాక వీధి తలుపు దగ్గర ఆమె కాసేపు నిలబడింది. భుజంతో తలుపును రవ్వంత నెట్టి, గడియను వేలితో జరిపింది. చప్పుడే కాలేదు.