పంపుకేసి తిప్పిన కన్ను

వార్నిష్ డబ్బాల్లోకి నింపే షెడ్డులో ఆడవాళ్ళు నడుం వాల్చే బెంచీ ఒకటుంది. సరిగ్గా దాని పైన, మూల గోడకి, ఓ గాజు కన్ను వెలిసింది. పరాయివాడు బిగించి ఉంటే చెల్లెలు సరిపెట్టుకునేది. బిగించింది ఆ ఫ్యాక్టరీలోనే కరెంటు పని చూసే సొంత అన్న.

అది వచ్చిన కొన్నాళ్ళకే మేస్త్రీ ఆమెను పిలిచాడు. "పని మధ్యలో బెంచీ మీద కునుకు తీస్తున్నావట. ఇంకోసారి తెలిసిందా, గేటు బయటే!"

"కెమెరాయేనే పిల్లా," అంది పక్కన పనిచేసే బొద్దక్క. "కంచే చేను మేసింది!"

చెల్లెలు అన్నతో మాట మానేసింది. "అన్నానికి రమ్మని చెప్పమ్మా ఆయనకి," అని అతని ఎదుటే తల్లితో అనేది. ఇద్దరి మధ్యా తల్లి నలిగిపోయేది.

చెల్లెలు ఊరుకోలేదు. ఎవరూ లేనప్పుడు బెంచీ మీద స్టూలేసుకుని ఎక్కి, కిందనుంచి కనబడనంత పలచగా అద్దానికి గ్రీజు పూసింది. బొమ్మ మసకబారితే చాలనుకుంది.

అన్న తనిఖీకి వచ్చాడు. మోగకుండా సైరన్ తీగ విప్పి, థిన్నర్ పంపు పక్కన నిలబడి పరీక్ష టార్చి వెలిగించాడు. కన్ను అంచున ఉండే ఎర్ర లైటు వెలగలేదు. నిచ్చెనెక్కి అద్దం తడిమాడు, వేలు వాసన చూశాడు. దిగొచ్చి చెల్లెల్ని బయటికి పిలిచాడు.

"నీ పనేనా?"

"నా కునుకు మేస్త్రీకి చూపించింది నీ పని కాదా?"

"తిక్కదానా, అది కెమెరా కాదే! మంటలోంచి మన కంటికి ఆనని కిరణం ఒకటొస్తుంది. అది తగిలితేనే సైరన్ మోగుతుంది. గ్రీజు ఆ కిరణాన్ని మింగేస్తుంది. పంపు దగ్గర థిన్నర్ అంటుకుంటే మీ గతేం కాను?"

"బెంచీ మీదే ఎందుకు పెట్టావు మరి?"

"ఎదురు గోడకి పెడితే కిటికీలోంచి వెల్డింగ్ మెరుపు తగిలి ఊరికే కూస్తుంది. ఇంకోచోట పీపాలు అడ్డం. పంపు మొత్తం కనబడేది ఆ మూల నుంచే."

"కథలు చెప్పకు."

అతను అద్దం తుడిచి, ఆమెనే నిచ్చెనెక్కించాడు. ఆమె చెయ్యి ఊపింది, నాలుక చాపి వెక్కిరించింది. ఎర్ర లైటు పలకలేదు. అతను పంపు దగ్గర ఆ కిరణమే వదిలే టార్చి వెలిగించగానే ఎర్ర లైటు చటుక్కున వెలిగింది.

ఆమె మెల్లగా దిగింది. "అన్నయ్యా, ఇది చూడలేదు. నువ్వు చెప్పలేదు. మరి మేస్త్రీకి ఎలా తెలిసింది?"

"ఆ వేళ నీ పక్కన ఎవరున్నారే?"

ఆమె షెడ్డులోని బెంచీకేసి చూసింది. "ఇది కెమెరా కాదని అందరికీ చెబుదువుగాని. కాసేపాగు," అని లోపలికి నడిచింది.

బెంచీ మీద బొద్దక్క సర్దుకుని చోటిచ్చింది. "ఏమంటాడే మీ అన్న?"

"కెమెరాయేనట అక్కా. మేస్త్రీకి అన్నీ కనబడతాయట."

"అనలా నేను!" అని బొద్దక్క ఆవులించింది. పైకి చూడనైనా చూడకుండా, మేస్త్రీ భయమే లేనట్టు ఆ కన్ను కిందే కాళ్ళు బారజాపుకుని పడుకుంది.

చెల్లెలు తన స్టూలు ఎత్తుకుని షెడ్డు అవతలి కొసకి వెళ్ళి కూర్చుంది.