బురద మీద నాటిన గ్రహాలు

ఇన్‌కెన్ పొద్దున్నే వంటింట్లో కూర్చుని గ్రహాలు సిద్ధం చేసింది. గురుడికి ఉల్లిపాయ. శనికి చిన్న బంగాళాదుంప, చుట్టూ అట్టముక్క వలయం. భూమికీ శుక్రుడికీ చెరో మిరియపు గింజ. బుధుడికీ అంగారకుడికీ ఆవగింజలు చాలు. చివరి రెండింటికీ గోళీలు. ఒక్కొక్కదాన్నీ పొడుగాటి కర్రకి అంటించి, కట్ట కట్టింది.

సముద్రమట్టానికి కాస్తే ఎత్తులో ఉండే ఆ హల్లిగ్ దీవి మీద ఉన్నవి పదకొండు ఇళ్ళు, బడిలో పిల్లలు ముగ్గురు, టీచరు ఇన్‌కెన్ ఒక్కతే. బడిగదిలో సూర్యకుటుంబాన్ని పరవబోతే బుధుడి దగ్గరే గోడ అడ్డొస్తుంది. ఆటు వేళ సముద్రం వెనక్కి పోతే మాత్రం దీవి చుట్టూ ఉన్న రాతికట్ట అవతల కనుచూపు మేరా బురదనేల తేలుతుంది. నెప్ట్యూన్ దాకా రెండు కిలోమీటర్లు కావాలి. అంత చోటు అక్కడే ఉంది.

ఫ్రిజ్ మీద అంటించిన ఆటుపోటుల పట్టిక చూసింది. నీళ్ళు పూర్తిగా తగ్గేది పదకొండూ పది. వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు, పట్టికలో మాత్రం ఎప్పుడూ చలికాలపు వేళే ఉంటుంది. అందుకని ఇక్కడ పుట్టినవాళ్ళు చూసిన అంకెకి ఒక గంట కలుపుకుంటారు. ఉడికే దుంపల్లో ఉప్పు వేసినట్టు, ఆలోచించకుండా ఇన్‌కెన్ కూడా కలిపింది. పన్నెండూ పది. పదకొండుకి బయల్దేరితే నీళ్ళు తిరగకముందే వెనక్కి మళ్ళవచ్చు.

ఇన్‌కెనూ పిల్లలూ రాతికట్ట మీద పసుపుపచ్చని పెద్ద బంతి కట్టి, సూర్యుడన్నారు. అరవై అయిదు మీటర్ల దగ్గర భూమిని నాటారు.

"ఇదా భూమి?" ఆరేళ్ళ ఓసె మిరియపు గింజకి ముక్కు ఆనించి చూసింది. "ఇందులో నేనెక్కడున్నాను?"

"నువ్వా? పురుగు పొట్టలో పురుగువి," అన్నాడు పదకొండేళ్ళ టాడె. వాళ్ళ నాన్న రొయ్యల పడవ నడుపుతాడు.

"టీచర్, వీడు చూడు!"

"వాడూ పురుగేలే. పద."

గురుడు దాటాక బురదని చీల్చుకుంటూ పోయే ఒక నీటిపాయ అడ్డు వచ్చింది. నీళ్ళు చీలమండల దాకానే ఉన్నాయి. గమ్‌బూట్లతో చప్పుడు చేసుకుంటూ దాటారు. ఆ ఒడ్డున కాస్త దూరంలో శనిని నాటారు. అక్కణ్ణించి ఎంత నడిచినా తర్వాతి గ్రహం చోటు రాలేదు. గాలి లేదు. ఎండ తెల్లగా కాస్తోంది. వెనక దీవి మీద ఇళ్ళు అగ్గిపెట్టెలంత అయిపోయాయి.

"ఇంత ఖాళీ ఎందుకు పెట్టారు?" అంది ఎనిమిదేళ్ళ గోన్యా. దానికి కాళ్ళు నొప్పులు.

"ఎవరూ పెట్టలేదమ్మా. అదంతే."

నీటి అంచున మేసే పిట్టలు గుంపుగా లేచి, వాళ్ళ తలల మీదుగా దీవి వైపు పోయాయి. ఇన్‌కెన్ వాటిని చూసింది. ఏదో సరిగా లేదనిపించింది. అదేమిటో మాత్రం తట్టలేదు.

యురేనస్‌ని నాటి గడియారం చూసుకుంది. పన్నెండూ పది. నీళ్ళు కదలకుండా నిలవాల్సిన వేళ. కాళ్ళ దగ్గర సన్నని చాళ్ళలో నురగ కదులుతోంది, దీవి వైపుకి.

"టాడె, మీ నాన్న పడవ ఎప్పుడు నేల పట్టింది?"

"పదింటికే. ఈపాటికి లేస్తూంటుంది."

"అంత పెందలాడేనా?"

"పట్టికలో పదకొండూ పదికేగా పూర్తి ఆటు. ఈ ఏడు గంట కలపక్కర్లేదు టీచర్, వేసవి వేళే అచ్చేశారు. నాన్న రెండు రోజులు అలవాటుగా కలిపేసి అమ్మ చేత చీవాట్లు తిన్నాడు. ఇప్పుడు తలుపు మీద రాసిపెట్టింది, మొద్దు రాచిప్పా కలపకు అని."

ఇన్‌కెన్ దీవి వైపు తిరిగి చూసింది. పోటు మొదలై గంటయింది. పిట్టలు లేచిపోయింది అందుకే. పాయ వెనక ఉంది, తమకీ ఇంటికీ మధ్యలో.

"నెప్ట్యూన్ నాకియ్యి, నేను నాటుతా," ఓసె చెయ్యి చాచింది.

"ఆట మారింది," అంది ఇన్‌కెన్. గొంతు మామూలుగానే వచ్చింది. "సూర్యుడి దగ్గరికి ఎవరు ముందు పోతారో వాళ్ళది గెలుపు. గబగబా."

టాడె ఆమె మొహంలోకి చూశాడు. ఎన్నడూ లేనిది గోన్యా చెయ్యి పట్టుకున్నాడు. "దా, నత్తా. నిన్ను ఓడిస్తాను."

శని దగ్గరికి వచ్చేసరికి కర్ర మోకాటి లోతు నీళ్ళలో ఉంది. అట్టవలయం తడిసి ఊడి, ఎటో పోయింది. పాయకి ఒడ్డు లేదు. గోధుమరంగు నీళ్ళు చప్పుడు లేకుండా, వేగంగా అడ్డంగా పోతున్నాయి. మరో పది నిమిషాలాగితే ఆమెకి కూడా నేల అందదు.

"బూట్లు విప్పి వదిలెయ్యండి. నీళ్ళు నిండితే బరువు."

"కొత్తవి. అమ్మ తిడుతుంది," అంది గోన్యా.

"నన్ను తిట్టమను. విప్పు!"

ఓసెని వీపు మీదికి ఎక్కించుకుంది. ఒక చేత్తో గోన్యాని పట్టుకుంది, గోన్యా రెండో చేతిని టాడె పట్టుకున్నాడు. నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చాయి. మధ్యలో అడుగు మెత్తగా జారింది. గోన్యా గడ్డం నీళ్ళలో మునిగింది. అరవలేదు, నోరు గట్టిగా మూసుకుంది. అటు నుంచి టాడె ఆ పిల్లని పైకి ఎత్తిపట్టాడు. వాడికే భుజాల దాకా వచ్చాయి.

"టీచర్, నీ గుండె నా పొట్టకి కొట్టుకుంటోంది," అంది ఓసె ఆమె చెవిలో.

"గట్టిగా పట్టుకో తల్లీ."

కాలికి గట్టినేల తగిలింది. అయినా ఆగలేదు. నీళ్ళు వెనకే వస్తున్నాయి.

రాతికట్ట మీద ఓసె తండ్రి బ్రార్ నిలబడి ఉన్నాడు. గడ్డి కోస్తూ దూరం నుంచి చూసినట్టున్నాడు, ట్రాక్టర్ ఇంకా మోగుతూనే ఉంది. ముగ్గురినీ చెయ్యి పట్టి పైకి లాగాడు.

"ఏంటిది?"

"పందెం పెట్టుకున్నాం బ్రార్ మావా," అన్నాడు టాడె. వణుకుతో పళ్ళు టకటకమంటున్నాయి. "తడవాలనే వెళ్ళాం."

ఆ మాటని అలా వదిలేస్తే అక్కడితో అయిపోయేది. బ్రార్ కూడా నమ్మాలనే చూస్తున్నాడు.

"వాడు అబద్ధం చెబుతున్నాడు," అంది ఇన్‌కెన్. "నేను గంట కలిపాను, బ్రార్."

బ్రార్ సముద్రం వైపు చూశాడు. పాయ అవతల నాటిన కర్రలేమీ కనబడలేదు. కోప్పడలేదు. వేలితో పిల్లల్ని లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

ఇన్‌కెన్ రాళ్ళ మీద కూర్చుని, తడి చేతుల్లో మొహం దాచుకుంది.

"ఏమీ అనకు నాన్నా," ఓసె తండ్రి చెయ్యి లాగింది. "టీచర్ అందరికంటే ఆఖరున వచ్చింది. అందుకే ఏడుస్తోంది."