బాలింత నాచు

"ముక్కలు ఇంకా సన్నగా కొయ్యి హేరిన్ అమ్మా. లేకపోతే మట్టిలో ఎప్పటికి కలుస్తాయి?" అంది అత్తగారు అరుగు మీద వెల్లుల్లి వలుస్తూ.

కూతురి పేరుతో పిలిచే ఆ పిలుపుకు ఉన్‌సిమ్ కత్తెర ఆపకుండా తల ఊపింది. పొద్దున్నుంచీ సముద్రపు నాచును నీళ్లు మార్చి మార్చి ఉప్పు పోయేలా కడగడం, కత్తిరించడం, పెరట్లో క్యాబేజీ వేయబోయే మడుల్లో కప్పెట్టడం, ఇదే పని. పోయినేడు చలికాలపు కిమ్చీ ఊరగాయకని కోస్తే క్యాబేజీలన్నీ లోపల ఈనెలు గోధుమరంగుకు తిరిగి పగిలి ఉన్నాయి. "దీని చెయ్యి మంచిది కాదు, ఏం నాటినా ఇంతే" అంది అత్తగారు ఇరుగుపొరుగు వాళ్ల ముందే. తర్వాత మొగుడు మన్సొక్ మట్టి పరీక్ష చేయించుకొచ్చి, "బోరాన్ తక్కువట, జింకు తక్కువట. ఏళ్ల తరబడి పంట మీద పంట తీస్తే నేలకి మాత్రం ఏం మిగులుతుంది? దానికీ తినడానికి పెట్టాలిగా" అన్నాడు. ఎంత జాలిగా అన్నాడో! హేరిన్ పుట్టిన కొత్తలో తను కళ్లు తిరిగి ఇదే పెరట్లో కూలబడితే, "లోకంలో అందరూ కనడం లేదా" అన్నది ఈ నోరేనా అనిపించింది ఆమెకు. చెయ్యి మంచిది కాదన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

బాలింతకు నాచు చారు పోయడం ఊరందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఆ నాచును విరవరు, మడవరు. మడిస్తే కాన్పు కష్టమవుతుందని నిలువుగా కట్ట కట్టి పుట్టింటివాళ్లు పంపుతారు. ఉన్‌సిమ్ వాళ్లమ్మ జిందో దీవిలో రాళ్ల మీది నాచు కోసే మనిషి. హేరిన్ పుట్టినప్పుడు ఆమె పంపుతానన్న కట్ట రానే లేదు. నెలంతా ముల్లంగి చారే. "ఆడపిల్ల అని తెలిసి మీ అమ్మకు చేతులు రాలేదేమోలే" అంది అత్తగారు అప్పట్లో. ఆ మాట ఉన్‌సిమ్ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. కొన్నాళ్లకు అమ్మ ఫోన్లో "నాచు చారు తాగావా తల్లీ" అని అడిగితే, పంపకపోగా ఎగతాళి కూడానా అని ఒళ్లుమండి పెట్టేసింది. అప్పట్నుంచీ పుట్టింటి గడప తొక్కిందే తక్కువ. హేరిన్ ఇప్పుడు మూడో తరగతి.

"అయినా అంగడి సరుకులో పస ఏముంటుంది?" అత్తగారు పొట్టు ఊదుకుంటూ అంది. "హేరిన్ పుట్టిన ఏడు చూశావుగా, ఒక్కో క్యాబేజీ ఎత్తలేకపోయాం. అదంతా మీ అమ్మ పంపిన నాచు చలవే. మనిషెత్తు పొడుగు, ఎక్కడా మడత లేదు. తరిగి ఆ చివరి మడిలో కప్పేశా."

ఉన్‌సిమ్ కత్తెర కింద పెట్టేసింది. ఆ చివరి మడి క్యాబేజీలనే కదా, పచ్చి ఒంటితో తను మోసి, ఉప్పులో ఊరవేసి, వచ్చినవాళ్లందరికీ కిమ్చీ చేసి పెట్టింది.

"అది నా కాన్పుకి పంపింది అత్తయ్యా."

"అయితే ఏమైందిప్పుడు? ఆడపిల్లని కన్నందుకు అంత నాచు దేనికి? నేల్లో వేశా కాబట్టి ఇంటిల్లిపాదీ తిన్నాం. నువ్వూ తిన్నావుగా."

గుమ్మంలో నిలబడ్డ మన్సొక్ వంక చూసింది. అతని ముఖంలో ఆశ్చర్యమే లేదు. తెలుసన్నమాట. ఇన్నేళ్లూ తెలుసన్నమాట. "ఇప్పుడెందుకవన్నీ, మడులు సగంలో ఉన్నాయి" అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్లి హేరిన్ కోటు తీసి సంచిలో పెట్టింది. తర్వాత ఫోన్ చేసింది. అవతల అమ్మ ఎప్పటిలాగే భయంభయంగా, "తిన్నావా తల్లీ" అంది.

"అమ్మా, అప్పుడు అడిగావు చూడు, చారు తాగావా అని," అంది ఉన్‌సిమ్. "తాగలేదమ్మా. కాచి ఉంచు, పిల్లని తీసుకుని వస్తున్నాను."