అరగంట గడువు

ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఏడేళ్ల కూతుర్ని చూడవచ్చని కోర్టు ఆ నర్సుకిచ్చిన కాగితంలో ఉంది. చూడాల్సింది బయట కాదు, కోర్టు వెనకున్న బొమ్మల గదిలోనే. అరగంట మించి ఆలస్యమైతే ఆ వారం లేనట్టే. వరసగా మూడు వారాలు తప్పితే సంగతి మళ్లీ జడ్జిగారి ముందుకు పోతుంది.

రెండు వారాలు అప్పటికే తప్పాయి. డయాలసిస్ వార్డులో ముగ్గురి పని ఇద్దరి మీద పడింది. ఈసారి ఆమె హెడ్ నర్సును కాళ్లావేళ్లా పడి బతిమాలి, వచ్చే నెల ఆదివారాలన్నీ తానే చేస్తానని ఒప్పుకుని, ఒంటిగంటకల్లా వదిలేలా మాట తీసుకుంది.

ఒంటిగంటకు రావాల్సిన నర్సు రాలేదు. ఒకటీ ఇరవైకి మూడో మంచం మీది దర్జీ తాత, “అమ్మాయ్, కళ్లు బైర్లు కమ్ముతున్నాయే,” అన్నాడు. బీపీ పడిపోతోంది. భుజానున్న సంచీ కింద పడేసి ఆమె మంచం తలవైపు దించింది, మెషిను నీరు లాగకుండా ఆపింది, సెలైను వదిలింది. పక్క నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. ఒక చేత్తో తాత మణికట్టు పట్టుకునే ఆమె రెండో చేత్తో మాజీ భర్తకు ఫోన్ చేసింది.

“పేషెంటుకి బాగోలేదు. కొంచెం ఎక్కువసేపు ఆగండి, మీకు పుణ్యముంటుంది.”

“పోయిన వారమూ ఇదే మాట,” అన్నాడు అతను. “నాకు నీ మీద కోపం లేదు. నువ్వు రాకపోతే అది తిండి ముట్టదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. సముదాయించలేక చస్తున్నాను.”

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషి. గొంతెత్తడం తెలియదు. ఆ మెత్తదనమే ఆమెను ఎక్కువ కోసేది.

ఒకటీ యాభైకి తాత తేరుకుని, “నా బీపీ నీకంటుకుందా ఏంటి? మొహంలో నెత్తురుచుక్క లేదు. వెళ్లవే తల్లీ,” అన్నాడు. తన బదులు రావాల్సిన మనిషి వచ్చేదాకా కదలడానికి లేదు. ఆ మనిషి రెండూ అయిదుకు వచ్చింది. తిట్టే తీరిక కూడా లేక ఆమె టాక్సీ ఎక్కింది. రెండో సిగ్నల్ దగ్గర బళ్లు బారులు తీరి ఉంటే దిగి పరిగెత్తింది.

బొమ్మల గది చేరేసరికి రెండూ ముప్పై ఎనిమిది.

“రాసేశానమ్మా,” అంది రిజిస్టరు ముందు కూర్చున్నావిడ.

“ఎనిమిది నిమిషాలే కదా! కొట్టెయ్యండి.”

“పోయిన నెల ఒకసారి మీకోసం ఆగితే నా ఉద్యోగం మీదికొచ్చింది.”

కిటికీలోంచి చూస్తే, రోడ్డవతల బస్టాపులో తండ్రీకూతుళ్లు. ఆమె పడుతూ లేస్తూ దాటింది. పిల్ల ఎదురు పరిగెత్తలేదు. తండ్రి చొక్కా చేయి పట్టుకుని, వెళ్లనా అన్నట్టు తలెత్తి చూసింది. అది చూసి తల్లి ఉన్నచోటే ఆగిపోయింది.

“బయట కలవకూడదని రాసుంది,” అన్నాడు అతను.

“తెలుసు. బస్సొచ్చేదాకా.”

అతను మొహం అటు తిప్పుకుని, “నేను బస్సు కోసం చూస్తున్నాను. నాకింకేం కనబడటం లేదు,” అన్నాడు.

పిల్ల దగ్గరికొచ్చింది. “నీ దగ్గర మందుల వాసనొస్తోంది.”

“పరిగెత్తుకొచ్చేశానమ్మా.”

“టీచరు అమ్మ బొమ్మ వెయ్యమంది. నీ జుట్టెట్లా ఉంటుందో గుర్తు రాలేదు. అందుకని టోపీ పెట్టేశా.”

ఆమె పేవ్‌మెంటు మీదే మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, జుట్టు విప్పింది. “చూసుకో. బాగా చూసుకో.”

మొదటి బస్సు వచ్చింది. అతను కదల్లేదు. రెండోదీ వెళ్లిపోయింది. మూడోదానికి చెయ్యెత్తాడు.

మూడు వారాల తర్వాత జడ్జిగారు అడిగితే అతను, “ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చిందండీ,” అన్నాడు. గుమాస్తా మొదటి మాటే రాసుకున్నాడు. ఇకమీదట నెలకొక్కసారే చూడాలన్నారు జడ్జిగారు.

వరండాలో ఆమె గోడకానుకుని అడిగింది. “నెల దాకా నేను గుర్తుంటానా దానికి?”

“ఫొటో ఒకటి పంపు. దాని మంచం పక్కన పెడతాను. నవ్వుతున్నది పంపు,” అన్నాడు అతను.

అట్నుంచటే స్టూడియోకి వెళ్లింది. “ఇంకాస్త నవ్వండమ్మా,” అని ఫొటోగ్రాఫరు నాలుగుసార్లు అన్నాడు. అయిదోసారి, “పోన్లెండి, ఇది చాలు,” అన్నాడు.

అదే పంపింది.